మాట్లాడని పిల్లకి మాటలు రానట్టేనా?

గుంటూరు, బెజవాడల నుంచి ఆస్ట్రేలియా వెళ్ళి చైల్డ్‌కేర్ కోర్సుల్లో చేరేవాళ్ళకి అక్కడి మూలవాసులైన అబోరిజినల్ జనం పిల్లల గురించి పాఠాలుంటాయి. చాలామంది వాటిని జెండా రంగులు, చుక్కల బొమ్మలతో ముగించేస్తారు. పరీక్ష గట్టెక్కడానికి అది చాలేమో గానీ, పిల్లల పక్కన కూర్చున్నాక చాలదు.

అక్కడ 2009 నుంచి మూడేళ్ళకోసారి, బడిలో చేరిన మొదటి ఏడాది పిల్లల ఎదుగుదలని దేశమంతటా లెక్కగడుతున్నారు. ఫారం నింపేది టీచరే. చూసేవి ఐదు: ఒంటి ఆరోగ్యం, నలుగురితో మెలగడం, భావోద్వేగాల అదుపు, చదువుకి కావలసిన భాషా ఆలోచనా, తనకు కావలసింది చెప్పగలగడం. ఐదింట్లోనూ వయసుకి తగ్గట్టున్న అబోరిజినల్, టోరెస్ జలసంధి దీవుల పిల్లలు 2018లో 35.2 శాతం, 2021లో 34.3 శాతం. 2031కల్లా దీన్ని 55 శాతానికి తేవాలన్నది జాతీయ ఒప్పందం. అయితే ఈ అంకె వెనకాల రెండు రకాల పిల్లలున్నారు. నిజంగా వెనకబడ్డవాళ్ళు కొందరు, కొలిచేవాళ్ళకి కొలవడం చేతకాక వెనకబడ్డట్టు కనిపించేవాళ్ళు కొందరు. వీళ్ళని విడదీయడమే అసలు పని.

టీచరు ఎర్ర బంతి పట్టుకుని ‘ఇదేం రంగు?’ అంటుంది. పిల్ల తల దించుకుంటుంది. ఆ పిల్ల ఇంట్లో పెద్దవాళ్ళు తమకి తెలిసిన విషయాన్ని పిల్లల్ని అడగరు. అదీగాక పదిమందిలో ఒక్కదాన్నే నిలబెట్టి అడిగితే సిగ్గుతో చచ్చిపోతుంది. దాన్ని ‘రంగులు రావు’ అని రాసేస్తే తప్పు ఎవరిది? మరోపక్క, అడిగినవాళ్ళని నొప్పించకూడదని దేనికైనా ఔననేయడం కూడా అక్కడ మామూలే. తల్లిని ‘రెండు మాటలు కలిపి మాట్లాడుతోందా?’ అంటే ఔనంటుంది. అందుకే మారుమూల సముదాయాల కోసం మార్చిన ఆస్క్-ట్రాక్ అనే పరీక్షలో ఆ ఊరి ఆరోగ్య కార్యకర్తే పక్కన కూర్చుని, పిల్లచేత చేయించి చూస్తుంది. ఫారం ఇచ్చి నింపుకురమ్మనరు.

మనస్తత్వ శాస్త్రవేత్త జూడిత్ కియరిన్స్ 1981లో ప్రచురించిన ప్రయోగం ఈ రంగంలో ఉన్నవాళ్ళందరూ తెలుసుకోవాల్సింది. బల్లమీద వస్తువుల్ని గళ్ళలో పేర్చి, అర నిమిషం చూడనిచ్చి, కలిపేసి, ఎక్కడివక్కడ పెట్టమన్నారు. పశ్చిమ ఆస్ట్రేలియా ఎడారి ప్రాంతపు అబోరిజినల్ పిల్లలు తెల్ల పిల్లలకన్నా బాగా పెట్టారు. తెల్ల పిల్లలు పేర్లు గొణుక్కుంటూ గుర్తుపెట్టుకునే ప్రయత్నం చేస్తే, వీళ్ళు కదలకుండా చూసి, తాపీగా సర్దారు. ఎడారిలో దారి తప్పకుండా ఉండాలంటే కావలసింది ఆ చూపే.

మధ్య ఆస్ట్రేలియా ఆడవాళ్ళు కథ చెప్పేది ఇసుకలో. నేల చదును చేసి, ఆంగ్ల అక్షరం యు లాంటి గీత గీస్తే కూర్చున్న మనిషి. అరచేత్తో తుడిచేస్తే ఆ ఘట్టం అయిపోయినట్టు. ఆడపిల్లలు అమ్మ భుజం పక్కనుంచి చూసి, ఆకుల్ని మనుషులుగా నిలబెట్టి ఆడుకుంటూ నేర్చుకుంటారు. ఎదురెదురుగా కూర్చోబెట్టి పుస్తకం చూపించే టీచరుకన్నా, పక్కన కూర్చుని తనూ గీసే టీచరుకి వాళ్ళు త్వరగా దగ్గరవుతారు.

బంధుత్వం సంగతి మనకి తేలిగ్గానే ఎక్కుతుంది. అక్కడ పెద్దమ్మా పిన్నీ కూడా అమ్మలే, పెదనాన్నా బాబాయీ కూడా నాన్నలే. మధ్య ఆస్ట్రేలియాలోని వార్ల్‌పిరి అనే అబోరిజినల్ తెగలో ఎనిమిది వర్గాలుంటాయి. పుట్టిన బిడ్డ ఏ వర్గమో తెలిస్తే ఊళ్ళో ప్రతివాళ్ళూ ఏమవుతారో తేలిపోతుంది. రోజుకో ఇంట్లో పడుకునే పిల్లాణ్ణి చూసి ‘స్థిరమైన సంరక్షకుడు లేడు’ అని రాసే అధికారికి ఈ లెక్క తెలియదు. ఇలాంటి రాతలకి అక్కడ చరిత్ర కూడా ఉంది. దాదాపు 1910 నుంచి 1970 వరకు వేలమంది పిల్లల్ని ఇళ్ళనుంచి లాక్కెళ్ళారు; పార్లమెంటులో ప్రధాని క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న. పెన్నూ ఫారమూ పట్టుకుని వచ్చినవాళ్ళని చూస్తే అమ్మమ్మలు ముడుచుకుపోవడంలో వింతేముంది?

ఇక నిజంగా వెనకబడేసేది చెవి. మారుమూల సముదాయాల్లో నెలల బిడ్డలకే మధ్య చెవిలో ఇన్‌ఫెక్షన్ వస్తుంది, చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. ఇరుకిళ్ళు, పొగ దీన్ని పెంచుతాయి. కర్ణభేరికి చిల్లు పడి రెండు వారాలకి మించి చీము కారుతుంటే అది దీర్ఘకాలిక జబ్బు. మాటలు నేర్చుకునే వయసంతా సగం వినపడుతూ గడిచిపోతుంది. ఇది సంస్కృతి కాదు, వైద్యం చేయాల్సిన జబ్బు. ‘వాళ్ళ పిల్లలు అంతే’ అని వదిలేయడం, వచ్చిన పిల్లని రాదని రాసే తప్పుకన్నా పెద్ద తప్పు.

చుక్కల మందు వేసేముందు చెవి పొడిగా ఉండాలి. టిష్యూ కాగితాన్ని వత్తిలా పేని, మెల్లిగా పెట్టి, చీము పీల్చనిచ్చి తీసేయాలి. పొడిగా వచ్చేదాకా కొత్తది వాడాలి. చీముమీద మందు పోస్తే లోపలికి దిగదు. మనవైపు గోరువెచ్చని నూనె పోసే అలవాటుంది. చీము కారే చెవిలో చుక్క నూనె కూడా పోయకూడదు.

కృష్ణా డెల్టా కాలువ గట్లమీది యానాది పిల్లలకీ, పల్నాడు తండాల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలకీ ఇదే వడపోత పనికొస్తుంది. అంగన్‌వాడీలో చార్టు చూపించి ‘ఇదేంటి?’ అంటే నోరు విప్పని యానాది పిల్లాణ్ణి, అన్నతో కలిసి చేపలు పట్టేటప్పుడు చూడండి. తండా పిల్లకి తెలుగు రాకపోవడం మాట ఆలస్యం కాదు. ఇంటి భాషలో ఎంత మాట్లాడుతోందో వాళ్ళ అక్కని అడగండి. తర్వాత వెనకనుంచి, పెదవులు కనపడకుండా, మెల్లిగా పేరు పెట్టి పిలవండి. తిరగకపోతే రాసిపెట్టుకోండి. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు వస్తుంది, వచ్చినరోజు ఆ పేర్లు ముందు చూపించండి. చీము కారుతుంటే మాత్రం వాళ్ళకోసం ఆగొద్దు, ఆ వారంలోనే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పంపండి.