వియన్నా, ప్రాగ్, మధ్యలో నా పొట్ట

వియన్నాలో ఏం చూశావని ఎవరైనా అడిగితే షోన్‌బ్రున్ ప్యాలెస్ చూశాను, డాన్యూబ్ నది చూశాను అని చెబుతాను గానీ, నిజానికి ఆ నాలుగు రోజులూ నా ధ్యాసంతా నా పొట్ట మీదే ఉంది. ఆదివారం పొద్దున ఇంట్లో బయల్దేరే ముందు అయిన మోషనే ఆఖరు. సోమవారం లేదు, మంగళవారం లేదు, బుధవారం ఏదో అవుతున్నట్టే అయ్యి ఆగిపోయింది. వారానికి మూడుసార్లు అయినా డాక్టర్లు మామూలే అంటారట, కానీ రోజూ ఠంచనుగా అయ్యే మనిషికి మూడు రోజులు ఆగితే ఎలా ఉంటుందో అది పడ్డవాళ్ళకే తెలుస్తుంది.

ఈ ప్రయాణంలో మేం ముగ్గురం. నేను, అక్క, బావగారు. అక్కతో అయితే ఏదైనా చెప్పుకుంటాను, బావగారి ముందు ఈ మాట ఎలా ఎత్తను? అసలు గొడవంతా అక్కడే మొదలైంది. మేం దిగిన అపార్ట్‌మెంట్‌లో బాత్రూమ్ ఒక్కటే, అది కూడా హాల్లోకి తెరుచుకుంటుంది, ఆ తలుపు ఎదురుగానే సోఫాలో కూర్చుని బావగారు పొద్దున్నే ఫోన్‌లో వార్తలు చదువుతుంటారు. నాకేమో సరిగ్గా అప్పుడే వచ్చేది. కాసేపాగి వెళ్దాంలే అనుకునేదాన్ని. ఆ కాసేపట్లో రానే రాకుండా పోయేది.

ఇలా ఆపుకోవడం ఎంత పిచ్చి పనో తర్వాత అర్థమైంది. పెద్దపేగు చేసే పని నీళ్ళు పీల్చుకోవడం. లోపల ఎంతసేపు ఉంచితే అంత పీల్చేస్తుంది, సరుకు అంత గట్టిపడుతుంది. పైగా పేగుకీ ఒక గడియారం ఉంది. రాత్రంతా దాదాపు పడుకునే ఉంటుంది, మనం లేచాక అదీ లేస్తుంది, పొట్టలో మొదటి ముద్ద పడగానే గట్టిగా ఒక ఊపు ఊపుతుంది. రోజు మొత్తంలో మంచి అవకాశం అదే. దేశం మారి టైమ్ మారేసరికి అసలే అది తికమకగా ఉంటే, మేం దానికి ఆ అవకాశం కూడా లేకుండా చేశాం. ఏడున్నరకల్లా బయట ఉండాలని బావగారి ప్లాన్, టిఫిన్ దారిలోనో ట్రామ్ దిగాకో!

విమానంలో చేసిన తప్పులు వేరే. లోపల గాలి ఎంత పొడిగా ఉంటుందంటే తేమ 20 శాతం కూడా ఉండదు. కిటికీ సీటు కావాలని ముచ్చటపడి తీసుకున్నాను, పక్కన ఇద్దరూ గాఢనిద్రలో ఉన్నారు, వాళ్ళని లేపి బాత్రూమ్‌కి వెళ్ళాలంటే మొహమాటం, అందుకని నీళ్ళు తాగడమే మానేశాను. వియన్నాలోనూ అదే తెలివి. ఊరు చూస్తూ మధ్యలో టాయిలెట్ వెతుక్కోవాలని భయపడి సీసాలో నీళ్ళు సాయంత్రం దాకా అలాగే మోసేదాన్ని. తిండి చూస్తే పొద్దున బ్రెడ్డు, మధ్యాహ్నం చీజ్ బ్రెడ్డు, రాత్రి మళ్ళీ ఏదో ఒక పేరుతో బ్రెడ్డే.

బుధవారం రాత్రి ఇక లాభం లేదని అక్క బ్యాగ్‌లోంచి ఇసబ్గోల్ తీశాను. అరగ్లాసు నీళ్ళలో పెద్ద చెంచాతో రెండు చెంచాలు వేసి, కలుపుతుండగానే ఫోన్ మోగింది. మాట్లాడి వచ్చేసరికి అది జావ కూడా కాదు, జిగురు ముద్ద, చెంచా నిటారుగా నిలబడి ఉంది. పారేయబుద్ధి కాక అలాగే నాలుగు గుక్కల్లో మింగేసి పడుకున్నాను. ఇసబ్గోల్ పనిచేసేదే నీళ్ళు పట్టుకుని ఉబ్బడం వల్ల. పెద్ద గ్లాసుడు నీళ్ళతో వెంటనే తాగాలి, రోజంతా ఇంకా నీళ్ళు తాగుతుండాలి, అప్పుడు కూడా ఫలితానికి అర రోజు నుంచి మూడు రోజులు పడుతుంది. నీళ్ళు లేకుండా మింగితే ఉన్న అడ్డం మీద ఇంకో అడ్డం. గురువారం పొద్దున లేచేసరికి పొట్ట డోలులా ఉంది, జీన్స్ బటన్ పెట్టుకోలేకపోయాను.

అక్క చేయి పట్టుకుని మందుల షాపుకి లాక్కెళ్ళింది. ఆస్ట్రియాలో మందుల షాపుల మీద ఎర్రటి గుర్తు ఉంటుంది, సులువుగానే కనిపిస్తుంది. కౌంటర్ దగ్గర ఉన్నావిడకి యాభై ఏళ్ళుంటాయి. నేను గొంతు తగ్గించి నీళ్ళు నములుతుంటే ఆవిడ మామూలుగా, జలుబు గురించి అడిగినట్టు, ఒకదాని తర్వాత ఒకటి అడిగింది. ఎన్ని రోజులైంది? వాంతులున్నాయా? గ్యాస్ పోతోందా? రక్తం పడిందా? నొప్పి తెరలు తెరలుగా వస్తోందా? అన్నిటికీ జవాబిచ్చాను. చివరికి ఎలా ఉంది అని అడిగితే మాత్రం ఇంగ్లిష్‌లో ఏమనాలో తోచలేదు. మేక పెంటికలు అని ఆవిడకి ఎలా చెప్పను? ఆవిడే కంప్యూటర్‌లో ఒక బొమ్మ తీసి స్క్రీన్ నావైపు తిప్పింది. ఒకటి నుంచి ఏడు దాకా ఏడు రకాలు, బ్రిస్టల్ చార్ట్ అంటారట, డాక్టర్లు అందరూ వాడేదే. ఒకటో నంబర్ అచ్చం మేక పెంటికలే! వేలు పెట్టి చూపించాను. మూడు, నాలుగు ఉండాల్సిన తీరు. నా జీవితంలో ఇంత హాయిగా ఎవరితోనూ ఈ విషయం మాట్లాడలేదు.

తర్వాత ఏం మందులు వాడుతున్నావని అడిగింది. నా సంగతి బయటపడింది అక్కడే. రక్తం తక్కువని ఐరన్ మాత్రలు వేసుకుంటున్నాను, బస్సు పడదని రోజూ పొద్దున వాంతుల మాత్ర వేసుకుంటున్నాను. రెండూ మోషన్‌ని బిగపట్టేవేనంది. ఐరన్ సంగతి మీ డాక్టర్‌నే అడగండి, ఈ రెండోది మాత్రం బస్సెక్కే రోజునే వేసుకోండి అంది. మా డాక్టర్‌కి అప్పటికప్పుడు మెసేజ్ పెడితే ప్రయాణం అయ్యేదాకా ఐరన్ ఆపమన్నారు.

ఆవిడ ఇచ్చింది మాక్రోగోల్ అనే పొడి ప్యాకెట్లు. నీళ్ళలో కలిపి తాగితే ఆ నీటిని పేగులోనే పట్టి ఉంచి సరుకుని మెత్తబరుస్తుంది, కానీ ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది, కంగారు పడొద్దంది. వాంతులు మొదలైనా, గ్యాస్ కూడా ఆగిపోయినా, నొప్పి పెరిగినా పొడి మానేసి తిన్నగా ఆస్పత్రికే వెళ్ళమంది. అక్క దగ్గర బిసాకోడిల్ మాత్రలు కూడా ఉన్నాయి, రాత్రి వేసుకుంటే 6 నుంచి 12 గంటల్లో పని కానిచ్చేవి. కానీ మర్నాడు పొద్దున ప్రాగ్‌కి నాలుగు గంటల రైలు. ఆ లెక్క వేసుకుని వాటి జోలికి పోలేదు.

ప్రాగ్‌లో దిగగానే అక్క బావగారికి అంతా చెప్పేసింది. నేను సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను, ఆయనేమో, "ఏమ్మా మరదలా, నాలుగు రోజుల్నుంచి మొహం మాడ్చుకుంటే నా ప్లాన్ నచ్చలేదేమో అనుకుని లోలోపల బాధపడుతున్నానమ్మా" అన్నారు. అక్కడికక్కడే ఒప్పందం అయిపోయింది. తొమ్మిదికి ముందు ఎవరూ బయటికి వెళ్ళేది లేదు. ఏడు నుంచి ఏడున్నర దాకా బాత్రూమ్ నాది. ఆ అరగంట వాళ్ళిద్దరూ వాకింగ్‌కి వెళ్ళాలి.

శనివారం పొద్దున లేవగానే పెద్ద గ్లాసుడు గోరువెచ్చని నీళ్ళు, రెండు కివీ పండ్లు, ఒక కాఫీ. కాఫీ కొందరికి నిమిషాల్లోనే పేగుని కదిలిస్తుంది, అదృష్టంకొద్దీ నేను ఆ కొందరిలో ఉన్నాను. కివీలు ముందురోజు సాయంత్రం సూపర్‌మార్కెట్‌లో ఎండు ప్రూన్స్‌తో పాటు కొన్నవి, రోజుకి రెండు. బాత్రూమ్‌లో ఉన్న చిన్న చెత్తబుట్టని ఖాళీ చేసి, బోర్లించి, పాదాల కింద పెట్టుకున్నాను. కమోడ్ మీద తిన్నగా కూర్చుంటే లోపల ఒక కండరం పేగు చివర్ని కొక్కెంలా వంచి పట్టుకుని ఉంటుంది, మోకాళ్ళు నడుం కన్నా పైకి లేచి ఒళ్ళు కాస్త ముందుకి వంగితే ఆ వంపు తిన్నగా అవుతుంది. ప్లాస్టిక్ బుట్ట నా బరువుకి కిర్రుమంది గానీ విరగలేదు. ఏడూ ఇరవైకి పని అయిపోయింది. చార్ట్ ప్రకారం మూడో నంబర్. కిటికీలోంచి చూస్తే ప్రాగ్ ఎంత అందంగా ఉందో!

ఆ తర్వాత మేం వెళ్ళిన ఊరు కార్లోవీ వారీ. ఇది నా బాధ చూసి పెట్టుకున్నది కాదు, ముందే ప్లాన్‌లో ఉంది, కాకపోతే ఇప్పుడు నాకు అది తీర్థయాత్ర అయింది. వందల ఏళ్ళుగా జనం పొట్ట బాగుచేసుకోవడానికి వెళ్ళే ఊరు అది. నేలలోంచి వేడి నీటి ఊటలు వస్తాయి. వాటిలో పెద్దదైన 'వ్రీడ్లో' అనే ఊట 70 డిగ్రీలు దాటిన వేడితో ఎగజిమ్ముతుంది, 12 మీటర్ల దాకా లేస్తుంది. ఆ నీళ్ళలో సోడియం సల్ఫేట్ ఉంటుంది, అంటే అసలు సిసలు విరేచనాల ఉప్పు. 2021లో యునెస్కో ఐరోపాలో 11 స్పా ఊళ్ళని కలిపి వారసత్వ జాబితాలో చేర్చింది, అందులో ఇదొకటి.

అక్కడ పింగాణీ కప్పు ఒకటి కొనుక్కోవాలి. దాని పిడి బోలుగా ఉంటుంది, పిడి చివర్నుంచే పీల్చాలి. ఊట దగ్గర పట్టుకున్న నీళ్ళు వేడిగా, ఉప్పగా, ఇనుప మేకు నాకినట్టు ఉన్నాయి. గుక్కెడు పీల్చడం, స్తంభాల మండపం కింద నాలుగడుగులు వేయడం, మళ్ళీ గుక్కెడు. ఎవరూ పరిగెత్తడం లేదు, పెద్దవాళ్ళు కప్పులు పట్టుకుని పెళ్ళికి వచ్చినట్టు నింపాదిగా తిరుగుతున్నారు. పొద్దున్నే పరగడుపున వేడినీళ్ళు, నెమ్మదిగా నడక, తొందర లేకపోవడం. ఉప్పు సంగతి పక్కన పెడితే వియన్నాలో నేను ఎగ్గొట్టినవి సరిగ్గా ఇవే.

నేను ఒక కప్పుతో ఆపాను. ఇది మందు నీరు, డాక్టర్ చెప్పిన లెక్కలో తాగేదని ముందే చదివి ఉన్నాను. బావగారికీ చెప్పాను. "ఊరికే వచ్చే నీళ్ళేగా, ఏమవుతుందమ్మా" అంటూ ప్రతి ఊట దగ్గరా ఆగి ఒక్కో రుచీ చూశారు, నచ్చినవి రెండోసారి కూడా. ఎన్ని కప్పులయ్యాయో అక్క లెక్కపెట్టడం మానేసింది.

ప్రాగ్‌కి తిరుగు బస్సు రెండు గంటల పైనే. బయల్దేరిన పావుగంటకి బావగారి మాటలు తగ్గాయి. అరగంటకి నుదుటి మీద చెమట. నాది బస్సులో టాయిలెట్ పక్కన ఉన్న సీటు, అలవాటు కొద్దీ ఏరికోరి తీసుకున్నది. లేచి ఆయన దగ్గరికెళ్ళి, "బావగారూ, మీరు నా సీట్లో కూర్చోండి" అన్నాను. కారణం అడక్కుండానే లేచారు.