బావమరిది చట్టప్రకారం బంధువు కాడు

బోర్డు మీటింగులో ఎవరేం మాట్లాడారన్నది మినిట్స్‌లో, అంటే మీటింగు రికార్డులో, ఉంటుంది. ఎవరి ముఖం చూసి ఎవరు మాట మింగారన్నది మాత్రం ఆ మినిట్స్ రాసుకుంటూ ఒక మూల కూర్చున్న కంపెనీ సెక్రటరీకే కనబడుతుంది. బెంగళూరులో చాలా ఏళ్లుగా నేను చేస్తున్న ఉద్యోగం అదే.

కొంతకాలం కిందట, నెల్లూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక ప్రమోటరుగారి (కంపెనీ పెట్టి నడిపించే యజమాని) కంపెనీలో గోదాము అద్దె విషయం ఎజెండాలో ఏడో అంశంగా వచ్చింది. గోదాము ఆయన బావమరిదిది. యాజమాన్యంతో సంబంధం లేకుండా బోర్డులో ఉండవలసిన స్వతంత్ర డైరెక్టర్లలో ఒకరు, బ్యాంకులో పెద్ద పదవి చేసి రిటైరైన పెద్దమనిషి, తన కాగితాల్లో అద్దె అంకె చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టి, పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుని వచ్చారు. మీటింగుకు ముందు కాఫీ తాగుతుండగా ప్రమోటరుగారు శుభలేఖ చేతికిచ్చి, "అన్నగారూ, అమ్మాయి పెళ్లికి మీరూ వదినగారూ రాకపోతే మా ఇంటావిడ ఊరుకోదు" అన్నారు. అందులో ఎత్తుగడ ఏమీ లేదని నా నమ్మకం; అద్దె విషయం లేకపోయినా ఆ శుభలేఖ ఆయనకు అందేదే. ఏడో అంశం వచ్చేసరికి పెద్దాయన ఆ పేజీ తీసి, సున్నా వైపు ఒకసారి చూసి, "నాకు అభ్యంతరం లేదండీ" అన్నారు. "చర్చించి ఏకగ్రీవంగా ఆమోదించారు" అని నేను రాశాను. చర్చ జరగలేదు.

2013 కంపెనీల చట్టం కింద బంధువుల జాబితాలో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, తోబుట్టువులు, ఉమ్మడి కుటుంబ సభ్యులు ఉన్నారు కానీ బావమరిదీ వియ్యంకుడూ లేరు. (మన ఇళ్లలో సగం వ్యాపారాలు బావమరుదులతోనే నడుస్తాయని ఆ జాబితా రాసినవారికి ఎవరూ చెప్పినట్టు లేదు.) స్వతంత్ర డైరెక్టరుకు ప్రమోటరుతో చుట్టరికం ఉండకూడదు, పరిమితికి మించిన డబ్బు లావాదేవీలు ఉండకూడదు. "నీ బోర్డులో నేను, నా బోర్డులో నువ్వు" అనే ఏర్పాటుకు కూడా లిస్టెడ్ కంపెనీల్లో 2018లో స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ అడ్డుకట్ట వేసింది. మొహమాటానికి మాత్రం ఏ సెక్షనూ లేదు.

ఈ మాట వచ్చినప్పుడల్లా నాకు హైదరాబాదు సాఫ్ట్‌వేర్ కంపెనీ సత్యం గుర్తొస్తుంది. 2008 డిసెంబరు 16న, చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆ బోర్డు ఒప్పుకుంది. మదుపరులు తిరగబడటంతో కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆ బోర్డులో హార్వర్డ్ ప్రొఫెసరూ, మాజీ కేబినెట్ సెక్రటరీ, ఐఎస్‌బీ అనే బిజినెస్ స్కూలు డీనూ ఉన్నారు. వారు మొహమాటపడ్డారని నేననను. అంతటి పెద్దల నడుమ ఒక్క వ్యతిరేక ఓటు కూడా పడలేదన్నదే నన్ను ఆలోచింపజేస్తుంది.

అమెరికాలోని వంద అతిపెద్ద కంపెనీల బోర్డులను పరిశీలించిన హ్వాంగ్, కిమ్ అనే ఇద్దరు పరిశోధకులు, మామూలు నిర్వచనం ప్రకారం 87 శాతం బోర్డులు స్వతంత్రమైనవే అయినా, ఒకే కాలేజీ, ఒకే ప్రాంతం, ఒకే సైనిక సేవ వంటి పరిచయాలను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ సంఖ్య 62 శాతానికి పడిపోతుందని 2009లో చూపించారు. అలాంటి పరిచయాలున్నచోట సీఈఓ జీతం ఎక్కువగా ఉందనీ, పనితీరు బాగా లేకపోయినా ఆయన పదవికి ముప్పు తక్కువేననీ తేల్చారు. కోర్టులకు మాత్రం గీత ఎక్కడ గీయాలన్నది కష్టమైంది. ఒకే పెళ్లికి వెళ్లడం వంటి పరిచయాల వల్ల స్వతంత్రత పోదని టీవీ ప్రముఖురాలు మార్తా స్టీవర్ట్ కంపెనీ కేసులో 2004లో చెప్పిన అమెరికాలోని డెలావేర్ రాష్ట్ర సుప్రీంకోర్టే, 2016లో గేముల కంపెనీ జింగా కేసులో డైరెక్టరు కుటుంబమూ కంపెనీ వ్యవస్థాపకుడూ కలిసి సొంత విమానం కొనుక్కున్నారంటే అది మామూలు స్నేహం కాదంది.

స్నేహం ఎప్పుడూ చెరుపే చేస్తుందని కాదు. అదే పెద్దాయన ఒకసారి మీటింగుకు ముందురోజు రాత్రి ఫోన్ చేసి, ప్రమోటరుగారి చేత ఒక పిచ్చి కొనుగోలును మాన్పించారు. అది ఏ మినిట్స్‌లోకీ ఎక్కలేదు.

అద్దె మీటింగు మినిట్స్ ముసాయిదాను డైరెక్టర్లందరికీ పంపాను. అభ్యంతరాలు చెప్పడానికి ఏడు రోజుల గడువు ఉంటుంది. ఎవరూ ఏమీ రాయలేదు. ఆ వారంలోనే పెళ్లి. బంతిలో పెద్దాయన పక్కనే నాకు చోటు దొరికింది. పప్పు వడ్డించి అటు వెళ్లగానే ఆయన నా వైపు వంగి, "ఆ గోదాము అద్దె బయట రేటుకంటే ఎక్కువే కదూ?" అని మెల్లగా అడిగారు.

"ఎక్కువేనండీ" అన్నాను.