ఆక్సిజన్ పెట్టుకున్నా పట్టని నిద్ర

గూడ్సు బండి గార్డుగా 31 ఏళ్ళు పనిచేసిన నాకు నిద్ర ఎన్నడూ సమస్య కాలేదు. రాత్రంతా డ్యూటీ చేసి వచ్చి, రన్నింగ్ రూములో పట్టపగలు దుప్పటి ముసుగు పెడితే క్షణాల్లో ఒళ్ళు తెలియకుండా నిద్రపోయేవాణ్ణి. అలాంటివాణ్ణి, 2016లో పార్కిన్సన్స్ అని తేలిన తరువాత, చేతి వణుకుకంటే రాత్రులకే ఎక్కువగా భయపడవలసి వచ్చింది.

సాయంత్రం వేసుకున్న లెవోడోపా అనే పార్కిన్సన్స్ మందు ప్రభావం అర్ధరాత్రి దాటేసరికి తగ్గిపోయేది. ఒళ్ళంతా కొయ్యబారి, పక్కకు ఒత్తిగిలాలన్నా మా ఆవిణ్ణి లేపవలసి వచ్చేది. మూత్రానికి నాలుగుసార్లు లేవడం సరేసరి. వీటికి తోడు కలలొకటి. కుక్కలు తరుముతున్నట్టు కల వస్తే నిజంగానే కేకలు వేస్తూ కాళ్ళు విసిరేవాణ్ణి. ఈ అలవాటు జబ్బు బయటపడటానికి ఏడెనిమిదేళ్ళ ముందునుంచే ఉంది కాని, రైల్వే కేకలు ఇంకా పోలేదని ఇంట్లో నవ్వుకున్నామే తప్ప పట్టించుకోలేదు. కలలు వచ్చే నిద్రలో మామూలుగా కండరాలు పట్టు వదిలేసి ఉంటాయని, ఆ ఏర్పాటు దెబ్బతినడం పార్కిన్సన్స్‌కు ఎన్నో ఏళ్ళు ముందుగానే కనిపించవచ్చని డాక్టరుగారు తరువాత చెప్పారు. 1817లో ఈ జబ్బును వర్ణించిన జేమ్స్ పార్కిన్సన్ కూడా నిద్ర చెడిపోవడాన్ని గురించి రాశాడట.

ఇక ఆక్సిజన్ సంగతి. 2021 మే నెలలో, కరోనా రెండో వేవ్‌లో, మా బావమరిది కోసం నానా తంటాలు పడి, గాలిలోంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సంట్రేటర్ యంత్రం ఒకటి కొన్నాము. ఆయన కోలుకున్నాడు, యంత్రం మా హాల్లో మూలన మిగిలిపోయింది. మరుసటి ఏడాది ఒక రాత్రి, నా గురక ఉన్నట్టుండి ఆగిపోయి, కాసేపటికి ఎగశ్వాసతో మళ్ళీ మొదలవడం చూసి మా ఆవిడ బెదిరిపోయి, నా వేలికి పల్స్ ఆక్సీమీటర్ పెట్టింది. రక్తంలో ఆక్సిజన్ 81 శాతమే చూపించింది. పగలైతే నా వేలి వణుకుకు ఆ అంకెను నమ్మలేము. నిద్రలో వణుకు ఆగుతుంది కనుక నమ్మక తప్పలేదు. “ఏమండీ, ఇంట్లో మిషను పెట్టుకుని మీకు గాలి ఆడకపోవడమేమిటి?” అన్నది. ఆక్సిజన్ దగ్గర నిప్పు ప్రమాదమని పక్క గదిలోని దేవుడి దీపాన్ని దూరంగా జరిపించి, ఎవరినీ అడక్కుండా, నిమిషానికి రెండు లీటర్ల చొప్పున ముక్కుకు గొట్టం తగిలించుకుని పడుకున్నాను.

అంకె 94కు పెరిగింది. నిద్ర మాత్రం పెరగలేదు. పైగా తెల్లవారి లేస్తే తల దిమ్ముగా, నొప్పిగా ఉండేది. పేపరు చదువుతూ చదువుతూనే తూలిపోయేవాణ్ణి. మూడు వారాలకు ఈ నిర్వాకం విని డాక్టరుగారు కోప్పడి, స్లీప్ స్టడీ చేయించారు. తలకు, ఛాతీకి, కాళ్ళకు వైర్లు అంటించుకుని పడుకున్న ఆ రాత్రి, గంటకు సగటున 34 సార్లు నా ఊపిరి ఆగడమో సన్నగిల్లడమో జరిగిందని తేలింది. గదిలో గాలికి లోటు లేదు, గొంతు దగ్గర దారి మూసుకుపోతోంది. హోమ్ సిగ్నలు పడక ఆగిన బండికి వెనక ఇంకో ఇంజను తగిలించినట్టుంది నేను చేసిన పని. ఆక్సిజన్ పడిపోవడం నిద్రలో ఉన్న మనిషిని కదిలించే హెచ్చరికల్లో ఒకటని, పైనుంచి ఆక్సిజన్ ఇచ్చి దాన్ని మందగింపజేస్తే ఊపిరి ఆగిన వ్యవధి పెరిగి, కార్బన్ డయాక్సైడ్ పేరుకోవచ్చని, ఉదయపు తలనొప్పికి అదే కారణం కావచ్చని ఆయన వివరించారు.

ఇంతలో అమెరికానుంచి మా అమ్మాయి, “నాన్నా, హైపర్‌బేరిక్ ఆక్సిజన్ అని ఉందట” అంటూ వీడియోలు పంపింది. మామూలు గాలి పీడనానికి రెండింతలకు పైగా ఉండే గదిలో పడుకోబెట్టి స్వచ్ఛమైన ఆక్సిజన్ పీల్పించే పద్ధతి అది. సముద్రంలో లోతుకు దిగే డైవర్లకు వచ్చే జబ్బుకు, కార్బన్ మోనాక్సైడ్ విషానికి, మానని కొన్ని మధుమేహ పుండ్లకు అది గుర్తింపు పొందిన వైద్యమే. పార్కిన్సన్స్‌కు అలాంటి గుర్తింపు లేదు. చెవి దెబ్బతినడం, అరుదుగా మూర్ఛ రావడం వంటి ప్రమాదాలున్నాయి. పక్కకు తిరగలేని నేను గంటన్నరసేపు గొట్టంలాంటి పెట్టెలో పడుకోవడం ఊహించుకుని, ఆ ఆలోచన మానుకున్నాను.

చివరికి నాకు పనికివచ్చినది సీప్యాప్. అది ఆక్సిజన్ యంత్రం కాదు. గదిలోని గాలినే ఒత్తిడితో మాస్కులోకి పంపి, గొంతు మూసుకుపోకుండా చూస్తుంది. మొదటి పది రోజులు నరకమే. వణికే వేళ్ళతో పట్టీ బిగించుకోలేక విసిరికొట్టిన రాత్రులున్నాయి. ఇప్పుడు ఆ పట్టీ మా ఆవిడే పెడుతుంది. పడుకునేటప్పుడు నెమ్మదిగా కరిగే లెవోడోపా మాత్రను, కలల కోసం మెలటోనిన్‌ను డాక్టరుగారు చేర్చారు. మాంసకృత్తులు లెవోడోపా పనికి అడ్డుతగులుతాయట, అందుకని రాత్రి పప్పు, పెరుగు మాత్రకు ఎడంగా ముందే తినేస్తున్నాను. నడుము కింద జారుడు గుడ్డ పరిచిన తరువాత నా అంతట నేనే ఒత్తిగిలుతున్నాను, ఇది ఏ మందుకూ తీసిపోని ఉపకారం.

ఉదయం తలనొప్పి పోయింది. వరుసగా నాలుగైదు గంటలు నిద్ర పడుతోంది. జబ్బు తన దారిన తాను ముదురుతూనే ఉంది. మూత్రానికి ఇప్పటికీ రెండుసార్లు లేస్తాను. కాన్సంట్రేటర్‌ను, డాక్టరు రాసిచ్చిన చీటీ చూసిన తరువాతే, ఊపిరితిత్తుల జబ్బుతో ఉన్న పక్కింటి పెద్దాయనకు ఇచ్చాము. నా తన్నులు పడలేక మధ్యలో పక్క గదిలోకి మారిన మా ఆవిడ తిరిగి వచ్చింది గాని, మా మధ్య రెండు దిండ్లు అడ్డం పెట్టుకుంటుంది. పోయిన వారమే కలలో మళ్ళీ కాలు విసిరాను, దెబ్బ దిండుకు తగిలింది.