మతీస్ కత్తెర, జామినీ రాయ్ రంగులు

శని, ఆదివారాల్లో మా ఇంటి వరండాలో ఐదు నుంచి ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు నేను బొమ్మలు వేయడం నేర్పుతాను. ప్రసిద్ధ చిత్రకారుల శైలుల ద్వారా చిత్రలేఖనం నేర్పే పద్ధతి ఇప్పుడు పాఠశాలల్లోనూ వేసవి శిబిరాల్లోనూ బాగా కనిపిస్తున్నది, నాకూ అది ఇష్టమైన మార్గమే. అయితే చాలాచోట్ల డచ్ చిత్రకారుడు వాన్ గో వేసిన ‘నక్షత్రాల రాత్రి’ ముద్రణను ఎదురుగా పెట్టి, సైప్రస్ చెట్టు ఎక్కడ రావాలో, సుడులు ఎటు తిరగాలో టీచరు చెబుతూ ఉంటే పిల్లలు అలాగే నింపుతారు. తరువాత గోడకు వరుసగా తగిలించిన ఆ కాగితాల్లో ఏది తమ బిడ్డదో తల్లులు కూడా పోల్చుకోలేరు. నా అభిప్రాయంలో పిల్లలకు ఇవ్వవలసింది చిత్రకారుడు పనిచేసిన పద్ధతి మాత్రమే. ఏ బొమ్మ వేయాలన్నది వాళ్లకే వదిలేయాలి.

ఆ చిత్రం సంగతే చూడండి. 1889 జూన్‌లో, ఫ్రాన్స్‌లోని సేంట్ రెమీలో మానసిక చికిత్సాలయంలో ఉన్నప్పుడు వాన్ గో దాన్ని వేశాడు. ఆకాశాన్ని చూసింది తన గది కిటికీలోంచే అయినా, రంగులు వేసింది మాత్రం పగటిపూట, కింది అంతస్తులోని మరో గదిలో, జ్ఞాపకం మీద ఆధారపడి. అందుకే నేను పిల్లలను రాత్రి డాబా మీదికి వెళ్లి కాసేపు ఆకాశం చూసి రమ్మంటాను, మర్నాడు ఉదయం ఏమీ చూడకుండా దాన్ని వేయమంటాను. ఒక పాప సెల్ టవర్ మీది ఎర్రదీపాన్ని చంద్రుడి కంటే పెద్దదిగా వేసింది, ఎందుకంటే ఆమెకు గుర్తుండిపోయింది అదే. తమ పని అయ్యాక వాన్ గో చిత్రం చూపిస్తే, ఆయన కుంచె ఎటు తిరిగిందో పిల్లలు తమంతట తామే వేలితో గీసి చూపిస్తారు.

ఈ వయసుకు అందరికంటే దగ్గరివాడు ఫ్రెంచ్ చిత్రకారుడు హెన్రీ మతీస్ అని నాకు అనిపిస్తుంది. 1941లో పేగు క్యాన్సర్‌కు పెద్ద శస్త్రచికిత్స జరిగిన తరువాత ఆయన ఎక్కువగా మంచానికీ చక్రాల కుర్చీకీ పరిమితమయ్యాడు. అప్పుడు సహాయకుల చేత తెల్లకాగితాలకు గువాష్ రంగులు (నీటిలో కలిపి వాడే చిక్కటి రంగులు) పూయించి, ముందుగా పెన్సిలుతో గీసుకోకుండా నేరుగా కత్తెరతో ఆకారాలు కత్తిరించి, వాటిని గోడకు గుండుసూదులతో గుచ్చించి, మనసుకు నచ్చేదాకా చోట్లు మార్పించేవాడు. తరగతికి కావలసిన పాఠమంతా ఈ పనితీరులోనే ఉంది. మొదటి వారం పిల్లలు వెడల్పాటి కుంచెలతో చార్టు కాగితాలకు పోస్టర్ రంగులు పూసి ఆరబెడతారు, ఒక కాగితానికి ఒకే రంగు. దుకాణంలో దొరికే రంగు కాగితం తెస్తే పని తొందరగా అవుతుంది గానీ, కుంచె చారలు నిలిచిన తమ కాగితాన్ని తామే కత్తిరించడంలో ఉన్న సంతోషం అందులో ఉండదు. రెండో వారం మొన గుండ్రంగా ఉన్న కత్తెరలు ఇస్తాను. వంపు రావాలంటే కత్తెరను నిలకడగా పట్టుకుని కాగితాన్ని తిప్పాలని చూపించడం తప్ప మరేమీ చెప్పను. ఆకు కత్తిరించాక మిగిలిన కాగితంలో ఆకు ఆకారంలో ఒక ఖాళీ ఉంటుంది కదా, మతీస్ అలాంటి మిగులు ముక్కలను కూడా చిత్రాల్లో వాడుకున్నాడని చెబితే పిల్లలు నేలమీద పడ్డ ముక్కలన్నీ మళ్లీ ఏరుకుంటారు. జిగురు సీసా మాత్రం చివరిదాకా నా దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అంటించేముందు ముక్కలను అటూ ఇటూ జరిపి చూసుకునే సమయమే ఈ పాఠంలో అన్నిటికంటే విలువైనది.

1953లో ఆయన చేసిన ‘నత్త’ లండన్‌లోని టేట్ కళాసంగ్రహాలయంలో ఉంది. అది ఒక్కొక్క వైపు దాదాపు తొమ్మిదిన్నర అడుగుల చిత్రం. పుస్తకంలో అరచేతిలో ఇమిడే ఆ బొమ్మ నిజంగా ఎంత పెద్దదో తెలియడానికి పిల్లల చేత వరండా నేల మీద తాడుతో కొలిపిస్తాను, వాళ్లంతా దాని లోపల పడుకోగలుగుతారు. మతీస్ మొదట నత్తను వేళ్ల మధ్య పట్టుకుని పదేపదే గీసి, దాని చుట్ట మనసులో నిలిచాకే కత్తెర పట్టుకున్నాడు. కాబట్టి మేమూ ముందు వానాకాలం గోడ మీద పాకే నత్తను చాలాసేపు చూస్తాం. చుట్టగా అమర్చిన రంగు ముక్కలు నత్త ఎలా అయ్యాయని ఆ తరువాత ఎవరూ అడగరు.

జామినీ రాయ్ పాఠం నాకు మరీ ఇష్టం. 1887లో బెంగాల్‌లోని బాంకురా జిల్లా బెలియాతోర్‌లో పుట్టిన ఆయన, కలకత్తా ప్రభుత్వ చిత్రకళాశాలలో పాశ్చాత్య పద్ధతి నేర్చుకుని, రూపచిత్రాలు వేసి పేరు తెచ్చుకున్నాక, 1920ల్లో ఆ మార్గం విడిచి కలకత్తా కాళీఘాట్ గుడి దగ్గర అమ్మే పటాల వైపు, పటాలు వేసే పల్లెటూరి కళాకారులైన పటువాల బొమ్మల వైపు మళ్లాడు. తైలవర్ణాలను వదిలి మట్టి, ఖనిజాలు, దీపపు మసి వంటివాటితో చేసిన కొద్దిపాటి రంగులకు చింతగింజల జిగురు కలిపి వాడాడు. బట్ట మీద కథాపటాలు వేసే మన చేర్యాల నకాషీ కళాకారులు కూడా చింతగింజల జిగురు వాడతారు కనుక, దాన్ని నానబెట్టి, పొట్టు తీసి, రుబ్బి, ఉడికించే పని నేను ఇంట్లో చేసి పిల్లలకు చూపిస్తాను. రంగులు వాళ్లే కలుపుతారు: ఎరుపుకు జేగురు, నలుపుకు మసి, తెలుపుకు సుద్ద పొడి, పసుపుపచ్చకు వంటింటి పసుపు. ఎండ తగిలే చోట పెట్టిన బొమ్మలో పసుపు వెలిసిపోవడం, జేగురు అలాగే నిలవడం వాళ్లే గమనించారు. రంగు గురించి నేను చెప్పగలిగినదానికంటే అది మంచి పాఠం.

నియమాలు కొన్నే: పెన్సిలు, రబ్బరు ఉండవు, నీడలు వేయకూడదు, కుంచెతో లావుపాటి నల్లగీత గీయాలి, కళ్లు పెద్దవిగా ఉండాలి. రొయ్యను కరచిన పిల్లులను రాయ్ వేశాడు గానీ, మా పిల్లలు తమ ఇంటి ఆవునో, పాలు పోసే ఆయననో వేస్తారు. ఈ వయసులో పిల్లలు నీడను, దూరాన్ని అంతగా పట్టించుకోరు, ఒక గీత గీసి అందులో ఒకే రంగు నింపుతారు. కొందరు పెద్దలు దాన్ని లోపంగా చూసి దిద్దబోతారు. తాము సహజంగా గీసే గీత, శిక్షణ పొందిన ఒక పెద్ద చిత్రకారుడు ఏళ్ల తరబడి వెతికి ఎంచుకున్న గీతకు దగ్గరిదని తెలిసినప్పుడు ఆ పిల్లల చేతికి వచ్చే ధైర్యం నేను కళ్లారా చూశాను.

డచ్ చిత్రకారుడు మోండ్రియన్‌ను ఎర్ర, పసుపు, నీలి గడులుగా మాత్రమే పరిచయం చేయడం నాకు నచ్చదు. ఆయన 1908 నుంచి 1912 దాకా వేసిన చెట్ల చిత్రాలను వరుసగా చూపిస్తే, కొమ్మలు క్రమంగా గీతలుగా మారడం పిల్లలకు అర్థమవుతుంది. చిన్నచిన్న రంగు చుక్కలతోనే బొమ్మంతా నింపే ఫ్రెంచ్ చిత్రకారుడు సెరా పద్ధతిని ఎనిమిదేళ్లు నిండేదాకా ఆపుతాను, ఎందుకంటే అంత ఓపిక చిన్నచేతుల నుంచి ఆశించడం న్యాయం కాదు.

తల్లిదండ్రుల్లో కొందరు ఇంటికి వచ్చిన కాగితం చూసి, మతీస్ బొమ్మలా లేదేమని అడుగుతారు. ఏ ముక్క ముందు కత్తిరించావు, దీన్ని ఇక్కడే ఎందుకు అంటించావు అని బిడ్డను అడగమని వాళ్లకు చెబుతాను.

ఈసారి వానలు తగ్గాక తోట వైకుంఠం గారి పాఠం మొదలుపెట్టాలని ఉంది. 1942లో కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో పుట్టిన ఆయన, చిన్ననాటి నుంచి చూసిన పల్లె స్త్రీలను పెద్ద బొట్టుతో, నిండైన ఎరుపు, కాషాయ రంగుల చీరలతో చిత్రించారు. పిల్లలు తమ అమ్మమ్మనో నాయనమ్మనో ఎదురుగా కూర్చోబెట్టుకుని ముందు బొగ్గుతో గీయాలి, ఆమె కట్టుకున్న చీరను చూసి రంగులు ఎంచుకోవాలి. వైకుంఠం గారి చిత్రాల ముద్రణలు ఆ తరువాతే బయటికి తీస్తాను.