భుజం కమిలితే ముందు చూడాల్సింది ప్యాడ్ కాదు

గచ్చిబౌలిలో సెంట్రల్ యూనివర్సిటీ లోపలున్న షూటింగ్ రేంజ్‌లో ట్రాప్, అంటే గాల్లోకి ఎగిరే క్లే పళ్లేలను షాట్‌గన్‌తో కొట్టే ఆట, మొదలుపెట్టినవాళ్లు వారం తిరగకుండా అడిగే ప్రశ్న ఒకటే: ‘భుజం కమిలింది, ఏ ప్యాడ్ కొనాలి?’ తుపాకీ భుజానికి ఆనే చోట పెట్టే ఆ రబ్బరు ప్యాడ్ సంగతి తర్వాత. తూటాలో ఛర్రాలు (చిన్న గుళ్లు) ఎన్ని గ్రాములు, తుపాకీ ఎన్ని కిలోలు అన్నది ముందు తేలాలి.

24 గ్రాముల ఛర్రా సెకనుకు 400 మీటర్ల వేగంతో వెళ్తే, ఛర్రాలను తోసే వాడ్‌నీ మందు గ్యాస్‌నీ కలుపుకొని, 3.6 కిలోల తుపాకీ వెనక్కి తన్నే శక్తి సుమారు 18 జౌళ్లు. అదే వేగంతో 28 గ్రాముల తూటాను 3 కిలోల దునాలీలో (రెండు గొట్టాల తుపాకీలో) పెడితే 28 జౌళ్లు దాటుతుంది. ఒకటిన్నర రెట్లకు పైనే. ఏ ప్యాడ్ అయినా ఆ దెబ్బను మెత్తబరుస్తుందే తప్ప శక్తిని తగ్గించలేదు. అంతర్జాతీయ పోటీల్లో ఛర్రా 24.5 గ్రాములు మించకూడదు కాబట్టి ప్రాక్టీస్‌కు 28 గ్రాములది కొట్టి లాభమూ లేదు. 24 గ్రాముల్లోనే నెమ్మది తూటా, అంటే సెకనుకు 370 మీటర్లది దొరికితే 16 జౌళ్లకు దిగుతుంది. ఒక రౌండ్‌కు 25 క్లేలు, ఒక్కోదానికి రెండేసి తూటాలు పేలిస్తే యాభై దెబ్బలు. ఆ రెండు జౌళ్ల తేడా సాయంత్రానికి భుజానికి తెలుస్తుంది.

తాతల నాటి ఇంగ్లిష్ దునాలీలు ఇళ్లలో ఉన్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. వాటిలో చాలావాటి ఛాంబర్, అంటే తూటా కూర్చునే గది, 65 మిల్లీమీటర్లు. తూటా మీద రాసే పొడవు పేలి మూతి విప్పుకున్నాక ఉండేది, అందుకే 70 మిల్లీమీటర్ల తూటా కూడా అందులో హాయిగా దూరిపోతుంది. పేలినప్పుడు మూతి విచ్చుకోడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. భుజానికి దెబ్బ పెరగడం అందులో చిన్న సమస్య, పాత గొట్టానికి వచ్చే ప్రమాదం పెద్దది. గన్‌స్మిత్ చేత ఛాంబర్ కొలిపించకుండా పేల్చకండి.

తూటా కుదిరాక ఫిట్టింగ్, అంటే తుపాకీ మన ఒంటికి సరిపోవడం. నొప్పి ఎక్కడుందో చూస్తే తప్పు ఎక్కడుందో చాలావరకు తెలిసిపోతుంది.

చెంప ఎముక నొప్పి పుడితే స్టాక్ (తుపాకీ వెనక చెక్క భాగం) పైఅంచు, అంటే కోంబ్, చూడండి. అది మరీ కిందికుంటే తల గాల్లో ఉంటుంది, తుపాకీ లేచి వచ్చి చెంపను కొడుతుంది. పాత దునాలీల్లో కోంబ్ ముందు ఎత్తుగా, మడమ (స్టాక్ వెనక పై కొన) వైపు వాలుగా ఉంటుంది. తుపాకీ వెనక్కి జరిగేకొద్దీ ఎత్తైన భాగం చెంప కిందికి మేకులా దూరుతుంది. ట్రాప్ తుపాకుల్లో కోంబ్ బల్లపరుపుగా పెట్టేది అందుకే. అడ్జస్టబుల్ కోంబ్ ఉంటే ఒక్కోసారి రెండు మిల్లీమీటర్లే మార్చి, పది తూటాలు కొట్టి చూడండి. ఒకేసారి ఎక్కువ మారిస్తే గురి ఎటు పోయిందో అంతుపట్టదు.

మధ్య వేలు కమిలితే ట్రిగర్ గార్డ్ వెనక్కొచ్చి కొడుతోందన్నమాట. పట్టు వదులుగానైనా ఉండాలి, స్టాక్ పొట్టిగానైనా ఉండాలి. గురి పెట్టినప్పుడు ముక్కుకూ బొటనవేలికీ మధ్య రెండు వేళ్ల సందు లేకపోతే స్టాక్ పొట్టిదే. విదేశీ స్టాక్‌లు సాధారణంగా 370 మిల్లీమీటర్ల చుట్టూ వస్తాయి. మన ఎండల్లో పల్చటి చొక్కాతో కొడతాం కాబట్టి, చేతులు పొడవున్నవాళ్లకు ఇది చాలదు.

భుజంలో ఒక్క బిందువు దగ్గరే కమిలితే పిచ్, అంటే స్టాక్ వెనక కొస వాలు, తప్పు: బట్ (భుజానికి ఆనే వెనక ముఖం) మొత్తం ఆనకుండా కింది కొన మాత్రమే గుచ్చుకుంటోంది. దీన్ని తెలుసుకోడానికి ఖర్చేం లేదు. ప్యాడ్ స్క్రూలు వదులు చేసి, పై స్క్రూ దగ్గర ఒకటి రెండు మిల్లీమీటర్ల వాషర్ పెట్టి బిగించి కొట్టండి. తేడా తెలిస్తే అప్పుడు చెక్క కోయించండి, అంతకుముందు కాదు.

ఇక ప్యాడ్. 25 మిల్లీమీటర్ల మెత్తటి రబ్బరు మంచిదే, కానీ పాత 12 మిల్లీమీటర్లది తీసి దాన్ని పెడితే స్టాక్ 13 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఆ మేరకు చెక్క తీయాలి. పైన తొడిగే ప్యాడ్‌తో వచ్చే చిక్కూ ఇదే, ఎత్తేటప్పుడు చంకలో తట్టుకుంటుంది. బీరువాలో తుపాకీని బట్ మీద నిలబెడితే రబ్బరు అణిగిపోతుంది. రెండు మూడు ఎండాకాలాలు గడిస్తే జిగురై చొక్కాకు అంటుకుంటుంది కూడా. అప్పుడు మార్చాల్సిందే.

దెబ్బ తగ్గిస్తాయని స్టాక్ రంధ్రంలో పెట్టే పాదరసం గొట్టాలకు చెల్లించే ధర నాకు దండగ అనిపిస్తుంది. పనిచేసేది వాటి బరువే. పావు కిలో సీసం గుళ్లను సంచిలో కుట్టి, కదలకుండా ఫోమ్‌తో బిగిస్తే వెనక్కి తన్నే శక్తి దాదాపు ఏడు శాతం తగ్గుతుంది. బరువంతా వెనకే పడితే బ్యాలెన్స్ చెడుతుంది, కొంత ముందుకు పంచండి. పోర్టింగ్ అంటూ గొట్టానికి రంధ్రాలు పెట్టించడం షాట్‌గన్‌కు అంతగా పనికిరాదు. గొట్టం మూతి దగ్గర గ్యాస్ ఒత్తిడి తక్కువ, మోతే పెరుగుతుంది. రైఫిల్‌కు మూతి దగ్గర బిగించే మజిల్ బ్రేక్ బాగా పనిచేస్తుంది, పక్కన కొడుతున్నవాడి చెవులు మాత్రం పోతాయి. ఏదైనా గొట్టం జోలికెళ్లే పని లైసెన్స్ ఉన్న గన్‌స్మిత్ చేతే చేయించాలి.

.315 రైఫిల్ ఉన్నవాళ్లు ముందు యాక్షన్ స్క్రూలు, అంటే ఇనుప భాగాన్ని చెక్కకు బిగించేవి, చూడండి. వదులైతే ఇనుము చెక్కను కొడుతుంది, చెక్క మిమ్మల్ని కొడుతుంది, చివరికి చెక్కే పగులుతుంది. బల్ల మీద కొట్టేటప్పుడు తుపాకీని ఆనించే రెస్ట్ ఎత్తు పెంచి నిటారుగా కూర్చోండి, ఒళ్లు వెనక్కి ఊగడానికి చోటుండాలి. పడుకుని కొడితే ఆ ఊగుడు ఉండదు, దెబ్బంతా భుజం ఎముకలకే. స్కోప్‌కూ కంటికీ మధ్య కనీసం 80 మిల్లీమీటర్లు లేకపోతే కనుబొమ్మ చిట్లుతుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా తూటా పేలకముందే ఒళ్లు జడుసుకుంటుంటే, చెవులకు ప్లగ్గుల మీద మఫ్‌లు కూడా పెట్టండి. సగం భయం మోతదే. తర్వాత పక్కవాళ్లను మీకు కనపడకుండా మధ్యమధ్యలో మందు లేని డమ్మీ తూటా పెట్టమనండి. ట్రిగర్ లాగగానే పేలకుండానే గొట్టం మూతి కిందికి దిగితే జడుపు ఇంకా పోలేదు. ‘క్లిక్’ మన్నా తుపాకీని టార్గెట్ వైపే ఉంచి ముప్పై సెకన్లు ఆగాకే తెరవాలి, అది డమ్మీయో తుస్సుమన్న అసలు తూటాయో మీకు తెలియదు కదా.