డికోడర్ తడబడేది ఖాళీల దగ్గరే

కంప్యూటర్ పంపిన సీడబ్ల్యూని (రేడియోలో పంపే మోర్స్ కోడ్‌ని) ఎఫ్ఎల్‌డిజి అనే డికోడర్ సాఫ్ట్‌వేర్ అచ్చు గుద్దినట్టు చదువుతుంది. అదే స్పీడులో ఎవరైనా స్ట్రెయిట్ కీ (చేత్తో నొక్కే మామూలు మీట) కొడితే మాత్రం స్క్రీన్ మీద ‘సీక్యూ’ (ఎవరైనా పలకండి అనే పిలుపు) కాస్తా ‘ఎన్ఎన్ఎంఏ’ అయి కూర్చుంటుంది. టోను దొరక్క కాదు, అక్షరం ఎక్కడ తెగిందో తెలియక. మన భాషలో చెప్పాలంటే ఇది సంధి విడదీసే గొడవ. ‘టీ’కీ ‘హెచ్’కీ మధ్య ఖాళీ ఇరుకైతే ఒక డా (పొడుగు మోత), నాలుగు డిట్లు (పొట్టి మోతలు) కలిసి 6 అవుతాయి. ‘ఏ’, ‘ఎన్’ అంటుకుంటే ‘పీ’. ‘సీ’ మధ్యలో చెయ్యి కాస్త ఆగితే రెండు ‘ఎన్’లు.

లెక్క ప్రకారం డిట్ ఒక మాత్ర, డా మూడు (ఛందస్సులో గురువుకు రెండే). అక్షరం లోపలి ఖాళీ ఒకటి, అక్షరాల మధ్య మూడు, పదాల మధ్య ఏడు. 1200ని స్పీడుతో భాగిస్తే డిట్ నిడివి మిల్లీసెకన్లలో వస్తుంది: నిమిషానికి 20 పదాలకు 60, 8 పదాలకు 150. బగ్ కీ అనే సగం ఆటోమేటిక్ మీటలో డిట్లను స్ప్రింగు కొడుతుంది, డాలను చెయ్యి కొడుతుంది. అందుకే అక్కడ డా నాలుగైదు మాత్రలకు సాగుతుంది.

సొంతంగా డికోడర్ చేసుకోవాలంటే సర్క్యూట్ చిన్నదే. రేడియో హెడ్‌ఫోన్ నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటర్, 5 వోల్టులకూ గ్రౌండుకూ చెరో 10 కిలోఓమ్ రెసిస్టర్, ఆ నడిమి బిందువు ఆర్డుయినో నానో (చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు) ఏ0 పిన్నుకు. హమ్ వస్తే మధ్యలో 600:600 ఆడియో ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. మామూలు సెట్టింగులో నానో సెకనుకు సుమారు 9,600 శాంపిళ్లు తీస్తుంది. 96 శాంపిళ్ల గోర్ట్‌జెల్ (ఒకే టోను బలాన్ని కొలిచే లెక్క) బ్లాకు పెడితే 10 మిల్లీసెకన్లకు ఒక కొలత, 100 హెర్ట్జ్ వెడల్పు. టోను 600 హెర్ట్జ్ దగ్గర ఉంచండి. 50 హెర్ట్జ్ పక్కకు జరిగితే దాదాపు 4 డీబీ పోతుంది.

అసలు పని కోడ్‌లో. డిట్, డా మధ్య గీతను సగటు దగ్గర గీయకండి, రెండింటి లబ్ధానికి వర్గమూలం తీసుకోండి. డిట్ 60, డా 240 అయితే సగటు 150, వర్గమూలం 120. చెయ్యి తప్పేది నిష్పత్తిలో కాబట్టి 120 దగ్గరే ఇటూ అటూ సమానంగా చోటుంటుంది. వరసగా ‘ఎస్’, ‘హెచ్’, 5 వచ్చినప్పుడు అన్నీ డిట్లే. అప్పుడు గీతను కదిలిస్తే డికోడర్ దారి తప్పుతుంది. గత 16 గుర్తుల్లో పెద్దది చిన్నదానికి రెండింతలు లేకపోతే గీతను ముట్టుకోవద్దు. ఖాళీలకు వేరే లెక్క పెట్టండి, డిట్ నిడివి నుంచి లాగకండి. చాలామంది డిట్లు గబగబా కొట్టి, అక్షరాల మధ్య తీరిగ్గా ఆగుతారు.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో వరంగల్ చుట్టుపక్కల గాలివాన మొదలైతే 40 మీటర్ల బ్యాండులో ప్రతి మెరుపూ ఒక ‘ఈ’ (ఒకే డిట్). యాసంగిలో బాయి మోటర్ స్టార్టర్ పడ్డా అంతే. డిట్‌లో మూడో వంతు కన్నా పొట్టి గుర్తును పారేయండి, అంత పొట్టి ఖాళీని పూడ్చండి. సిగ్నల్ నీరసించి డా మధ్యలో విరిగితే ‘టీ’ (ఒకే డా) కాస్తా ‘ఐ’ (రెండు డిట్లు) అవుతుంది. దానికి మందు రెండు గీతలు: నాయిస్‌కీ శిఖరానికీ మధ్య 60 శాతం దగ్గర ఆన్, 40 దగ్గర ఆఫ్. ఏజీసీ (రేడియో తనంతట తానే గెయిన్ సర్దుకునే ఏర్పాటు) సంగతి చాలామంది మర్చిపోతారు. పదాల మధ్య అది గెయిన్ పెంచి నాయిస్‌ను పైకి లాగితే ‘ఈ’లూ ‘టీ’లూ వానలా కురుస్తాయి. ఆర్ఎఫ్ గెయిన్ తగ్గించి, వాల్యూమ్‌తో సరిచేయండి.

16×2 డిస్‌ప్లేలో రెండో లైను వృథా చేయకండి. పైన అక్షరాలు, కింద డిట్-డాలు ఖాళీలతో సహా ఉన్నవి ఉన్నట్టు. పైన ‘6ఈ’ కనబడితే కింద చూసి ‘టీ’, ‘హెచ్’, ‘ఈ’ అని మీరే విడదీసుకోవచ్చు.