56 మార్కుల చుక్కలు

నా ఉద్యోగం గురించి ఊళ్లో ఎవరైనా అడిగితే అమ్మ ఇప్పటికీ "మెల్‌బోర్న్‌లో టీకాల ఆఫీసండీ, పెద్ద పనే" అని చెప్పి, వెంటనే కొబ్బరికాయ రేటు మీదకి మాట మార్చేస్తుంది. అసలు పని చెప్పడం ఆవిడకి నామోషీ. నేను చేసేది చిన్నపిల్లల విరేచనాల పరీక్ష. డ్రై ఐస్‌లో గడ్డకట్టి వచ్చిన చిన్న చిన్న సీసాలు తీయడం, చిటికెడు తూచి ద్రావణంలో కలపడం, మిషన్లో గిర్రున తిప్పి పైన తేరిన నీళ్లు తీయడం, వాటిలో పసిపిల్లలకి విరేచనాలు తెప్పించే రోటావైరస్ ఉందో లేదో చూడటం. "ఎమ్మెస్సీ చదివించింది ఇందుకా?" అని నాన్న మొదటి ఏడాదే అడిగేశారు.

నిజం చెప్పాలంటే వాసన నెల్లాళ్లే. తర్వాత ముక్కు అలవాటు పడిపోతుంది. అంతకంటే కష్టం, మా పెద్ద సైంటిస్టుని పేరు పెట్టి పిలవడం. నోరు తిరగడానికి ఆర్నెల్లు పట్టింది. ఇప్పటికీ మనసులో చివర ఓ "గారు" తగిలించుకునే పిలుస్తాను.

చేరిన కొత్తలో ఓ పెద్ద పొరపాటు చేశాను. వైరస్‌ని పెంచాలంటే కోతి కిడ్నీ నుంచి తీసిన కణాలు సీసాల్లో పెంచి, వాటి మీద పోస్తాం. దాంతోపాటు ట్రిప్సిన్ కలపాలి. పసిపిల్లల పేగుల్లో పాలు అరిగించే ఎంజైమే అది. వైరస్ పైన ముళ్లలాంటివి ఉంటాయి. ట్రిప్సిన్ వాటిని కోస్తేనే వైరస్ కణంలోకి బాగా దూరగలదు. అంటే మన ఇంటి తాళం మన చేతే తీయించే దొంగన్నమాట. అయితే కణాలకి మేతగా వేసే సీరం కొంచెం మిగిలినా ట్రిప్సిన్ పనిచేయదు. శుభ్రంగా కడగాలి. నేను సాయంత్రం ట్రామ్ అందుకోవాలన్న తొందరలో ఒక్కసారి కడిగి వదిలేశాను. వారం రోజుల పని గంగలో కలిసింది. తిట్లు తినడానికి సిద్ధపడి వెళ్తే, ఆయన "పుస్తకంలో రాసిపెట్టు, తర్వాతవాళ్లకి పనికొస్తుంది" అన్నాడు, అంతే. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్రపట్టేది.

నాకు బాగా నచ్చే పని మాత్రం జెల్ వేయడం. రోటావైరస్ జన్యు పదార్థం 11 ముక్కలుగా ఉంటుంది. ఆ ముక్కల్ని జెల్‌లో కరెంటు పెట్టి పరిగెత్తించి, వెండి రసాయనంతో రంగు వేస్తే గీతలు తేలతాయి. పైన నాలుగు, కింద రెండు, తర్వాత పక్కపక్కనే మూడు, అడుగున రెండు. మొదటిసారి చూసినప్పుడు బండారులంక చీర అంచే గుర్తొచ్చింది. ఒకే కణంలోకి రెండు రకాల వైరస్‌లు దూరితే ఈ ముక్కలు అటూ ఇటూ మారిపోతాయి. పశువుల వైరస్ ముక్క మనుషుల దాంట్లోకి రావచ్చు. పాకలో గేదె, అరుగు మీద పసిబిడ్డ ఉండే ఇంట్లో పుట్టినదాన్ని కాబట్టి ఇది నాకు పెద్ద వింతగా అనిపించలేదు.

మనుషుల్లో ఈ వైరస్‌ని మొదట పట్టుకున్నది కూడా మెల్‌బోర్న్‌లోనే. 1973లో రూత్ బిషప్, ఆవిడతో పనిచేసినవాళ్లు విరేచనాలతో ఆస్పత్రిలో చేరిన పిల్లల చిన్నపేగు నుంచి తీసిన పొరని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూస్తే, ఈ వైరస్ రేణువులు కనపడ్డాయి. చక్రంలా ఉందని తర్వాత రోటా అన్నారు. లాటిన్‌లో రోటా అంటే చక్రం. ఆ తర్వాత ఆవిడే ఇంకో సంగతి గమనించారు. ఇక్కడి ప్రసూతి వార్డుల్లో పుట్టగానే వైరస్ సోకిన పిల్లలకి ఏ జబ్బూ చేయలేదు. పైగా వాళ్లకి తర్వాత మళ్లీ సోకినా తీవ్రంగా రాలేదు. 1980ల మధ్యలో ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ ఇలాంటిదే కనపడింది. పసికందుల్లో దొరికిన ఆ వైరస్‌కి 116ఈ అని పేరు పెట్టారు. మనిషి వైరసే గానీ, అందులో ఒక జన్యువు ఆవుల వైరస్‌ది. దాన్నే హైదరాబాద్ కంపెనీ భారత్ బయోటెక్ రోటావ్యాక్ టీకాగా చేసింది. 2014లో అనుమతి వచ్చింది. 2016లో సర్కారు టీకాల జాబితాలో చేర్చిన మొదటి నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్ర ఒకటి. ఆరు, పది, పద్నాలుగు వారాలకి నోట్లో అయిదేసి చుక్కలు.

2017లో మా తమ్ముడికి కొడుకు పుడితే, ఆ చుక్కలు వేయించమని ఫోన్లో అందర్నీ పోరుపెట్టింది నేనే. వేయించారు.

2018 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం. ఇక్కడ అర్ధరాత్రి దాటి రెండయింది, అంబాజీపేట దగ్గర మా ఊళ్లో రాత్రి ఎనిమిదిన్నర. వీడియో కాల్‌లో మరదలు ఏడుస్తోంది. "వదినా, పొద్దుట్నించీ పది పన్నెండుసార్లు వెళ్లాడు. వాంతులు. పళ్లొచ్చే విరేచనాలే, కంగారుపడకండి అంటున్నారు అత్తయ్య." వెనక నుంచి అమ్మ గొంతు: "ఏవే అమ్మలూ, చుక్కలేయించాం కదే! మరెందుకొచ్చిందే?"

ఆ మాటకి జవాబు చెప్పే టైం కాదది. ఓఆర్ఎస్ పెట్టారా అనడిగాను. పెట్టామని అమ్మ గ్లాసు చూపించింది. లీటరు నీళ్లలో కలపాల్సిన ప్యాకెట్ మొత్తం ఆ గ్లాసులోనే వేసేసింది. "చిక్కగా ఉంటే బలం కదే" అంది. ఉప్పు అంత చిక్కగా పడితే బిడ్డ ప్రాణానికే ముప్పు. అది పారబోయించి, లీటరు బాటిల్ తెప్పించి, కాచి చల్లార్చిన నీళ్లతో కలిపించాను. చెంచాతో కొంచెం కొంచెం పట్టమన్నాను. పాలు ఆపేశారట, మళ్లీ ఇమ్మన్నాను. తర్వాత మరదల్ని వాడి తల కెమెరా దగ్గరకి తెమ్మన్నాను. మాడు పల్లం పడి ఉంది. పొట్ట మీద చర్మం చిటికెతో లేపి వదిలితే నెమ్మదిగా దిగుతోంది. పాస్‌కి వెళ్లి ఎంతసేపయిందంటే ఎవరికీ గుర్తులేదు. ఇంక చెంచాలతో కాదు, అమలాపురం తీసుకెళ్లిపోండి అన్నాను. తమ్ముడు బండి తీశాడు. ఆ రాత్రే సెలైన్ ఎక్కించారు. మూడో రోజుకి వాడు మళ్లీ చెంచా విసిరికొడుతున్నాడని ఫోటో వచ్చింది.

అప్పుడు మొదలైంది నా వైవా.

ఢిల్లీ, పూణే, వెల్లూరుల్లో 6,799 మంది పిల్లల మీద పరీక్షిస్తే, మొదటి ఏడాదిలో ఈ చుక్కలు తీవ్రమైన రోటా విరేచనాల్ని దాదాపు 56 శాతం ఆపాయి అని చెప్పాను. "56 మార్కులా? ఫస్ట్ క్లాస్ కూడా కాదు" అంది అమ్మ. మరి మీ ఊళ్లో పిల్లలకి ఎంతొస్తాయంటే, ఇక్కడలాంటి దేశాల్లో వేసే రోటా చుక్కలకి 85 దాటుతుందని ఒప్పుకోక తప్పలేదు.

ఎందుకలా అంటే, ఈ టీకా సూది కాదు. చుక్కలోని టీకా వైరస్ కడుపులోకి దిగి, పేగులో తానూ కాస్త పెరిగితేనే ఒంటికి పాఠం అందుతుంది. మన పిల్లలకి తల్లి కడుపులోంచి, తల్లిపాలలోంచి వచ్చే యాంటీబాడీలు ఎక్కువ. అవి టీకా వైరస్‌ని కూడా అడ్డుకుంటాయి. అదే రోజు వేసే పోలియో చుక్కలతో పోటీ ఒకటి. పైగా పుట్టిన నెలల్లోనే పేగు నిండా రకరకాల క్రిములు చేరిపోయి ఉంటాయి. కాలవ నీళ్లు, చెరువు నీళ్లు, ఈగలు, ఎత్తుకున్న ప్రతి చెయ్యీ. అయినా ఆ 56ని నేను తీసిపారేయను. టీకాకి ముందు మన దేశంలో ఏటా దాదాపు 78,000 మంది పిల్లలు రోటాతో పోయేవారని అంచనా. అంతమందిలో సగం అంటే ఎన్ని ఇళ్లు!

మర్నెలలో ఇండోనేషియా ఫలితాలు అచ్చయ్యాయి. మెల్‌బోర్న్ పసికందుల్లో దొరికిన వైరస్‌తో చేసిన టీకా అది, ఆర్‌వీ3. మొదటి మోతాదు పుట్టిన అయిదు రోజుల్లోపే వేస్తే, ఏడాదిన్నర వయసు దాకా 75 శాతం రక్షణ. పేగులో మిగతా క్రిములు పూర్తిగా కాపురం పెట్టకముందే అన్నమాట. అమ్మకి చెప్తే "డిస్టింక్షన్!" అంది.

కాసేపు ఇద్దరం ఏం మాట్లాడుకోలేదు. తర్వాత అడిగింది: "పెద్దోడికి కూడా ఇదే వచ్చుంటుందంటావా?"

పెద్దోడంటే నాకంటే ముందు పుట్టిన అన్న. పదినెలలప్పుడు రెండు రోజుల విరేచనాలతో పోయాడు. అప్పుడూ పళ్లొచ్చే విరేచనాలే అన్నారట. మా ఇంట్లో వాడి ఫోటో కూడా లేదు.

"శాంపిల్ లేకుండా చెప్పలేం అమ్మా" అన్నాను. ల్యాబులో రోజుకి పదిసార్లు అనే మాటే అది.

"ఏముంటుందే," అంది అమ్మ. "ఆ గుడ్డలన్నీ అప్పుడే కాలవలో జాడించేశాను."